‘బ్యాక్‌డోర్’ ఉద్యోగానికి రెండున్నర లక్షలు కట్టమంటారా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. 2024లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) బ్రాంచిలో 66 శాతం మార్కులతో, బ్యాక్‌లాగులు లేకుండా బీటెక్ పూర్తి చేశాను. ఆ ఏడాది మా కాలేజీకి వచ్చిన కంపెనీలే తక్కువ. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఫుల్‌స్టాక్ జావా కోర్సు చేశాను. నౌకరీ వెబ్‌సైటులోనూ, లింక్డ్‌ఇన్‌లోనూ వందల ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాను. చాలావాటికి జవాబే లేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లిన నాలుగైదూ టెక్నికల్ రౌండులో పోయాయి. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వారు రెండున్నర లక్షలు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్లు కాగితాలు తయారుచేసి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. నాన్న మిర్చి రైతు. ధర లేక నష్టపోయి ఉన్నారు. అయినా అర ఎకరం తాకట్టు పెట్టి డబ్బు తెస్తానంటున్నారు. కాలేజీలో నేను సొంతంగా చేసింది ఒకే ప్రాజెక్టు: పొలంలో మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే పెట్టె. దానికి ఇప్పుడు విలువ ఏముంటుంది? గ్రూప్-2కు చదవమని మేనమామ అంటున్నారు. సీనియర్లను అడగాలంటే సిగ్గు, ఇంగ్లీషు అంటే భయం. రెజ్యూమే జత చేస్తున్నాను. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేశాను. నేను ఉండి ఎవరికి లాభం అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చివర ఉన్న ఒక చిన్న వాక్యానికి ముందు జవాబు చెప్పాలి. ‘నేను ఉండి ఎవరికి లాభం’ అని రాశారు. ఆ మాట విసుగులో వచ్చిందో, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకుండా వెంటాడుతోందో మీకే తెలియాలి. రెండోదే నిజమైతే ఉద్యోగం సంగతి పక్కన పెట్టి ఈ రోజే ఎవరితోనైనా మాట్లాడండి. గదిలో ఉన్న స్నేహితుడైనా సరే, అమ్మైనా సరే. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు తీసుకోరు, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉద్యోగం రాకపోవడం వల్ల కలిగే దిగులు సోమరితనమూ కాదు, బలహీనతా కాదు. ఏడాదికి పైగా రోజూ తలుపులు తట్టి ఒక్కటీ తెరుచుకోకపోతే ఎంత గట్టివారికైనా కుంగుబాటు వస్తుంది.

ఇక మీరు అడిగినదానికి వస్తే, ఆ రెండున్నర లక్షలు కట్టవద్దు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. అయితే ‘అది తప్పు’ అని చెప్పి ఊరుకుంటే మీకు ఉపయోగం ఉండదు. ఎందుకంటే అలా చేరి జీతం తీసుకుంటున్నవారు ఒకరిద్దరు మీ హాస్టల్లోనే ఉండి ఉంటారు, వారిని చూసే మీ మనసు అటు లాగుతోంది. కాబట్టి ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. మొదటి రకంలో అసలు ఉద్యోగమే ఉండదు. మాదాపూర్ వైపు ఒక చిన్న ఆఫీసు అద్దెకు తీసుకుని, శిక్షణ అని చెప్పి అభ్యర్థులను కూర్చోబెట్టి, వారు కట్టిన డబ్బులోంచే రెండు మూడు నెలల జీతం ఇచ్చి, ఒక ఉదయం తాళం వేసి వెళ్లిపోతారు. ఇలాంటి కేసులు హైదరాబాద్ పోలీసు స్టేషన్లకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. రెండో రకంలో ఉద్యోగం నిజమైనదే, కాగితాలు మాత్రం దొంగవి. మీకు చెబుతున్నది ఈ రెండో రకం.

ఆ కాగితాలు ఎక్కడ బయటపడతాయో ఆ కన్సల్టెన్సీ వారు మీకు చెప్పి ఉండరు. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్ ఖాతా ఉన్న ప్రతి ఉద్యోగికీ ఒకే యూఏఎన్ నంబరు ఉంటుంది. ఏ సంస్థలో ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో అందులో నమోదై ఉంటుంది. కొత్త కంపెనీ తరఫున వివరాలు సరిచూసేవారు మొదట అడిగేది ఆ చరిత్రనే. పీఎఫ్ లేదంటే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే ఫారం 16, ఆదాయపు పన్ను వారి దగ్గర మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్ అడుగుతారు. మూడేళ్ల జీతం మూడేళ్ల బ్యాంకు ఖాతాలో కనబడాలి కదా. చేరిన వెంటనే పట్టుబడకపోయినా, కంపెనీ మారిన ప్రతిసారీ అదే పరీక్ష ఎదురవుతుంది. ఆ అబద్ధాన్ని మీరు ఉద్యోగం చేసినన్నాళ్లూ మోయాల్సి ఉంటుంది. పట్టుబడితే ఉద్యోగం పోవడంతో ఆగదు, దొంగ పత్రాలను అసలైనవిగా చూపడం చట్టరీత్యా నేరం.

పట్టుబడలేదనే అనుకుందాం. మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇచ్చే పని మొదటి వారంలోనే మీ చేతికి ఇస్తారు. టెక్నికల్ రౌండులో తడబడిన ప్రశ్నలే అప్పుడు మీ రోజువారీ పని అవుతాయి. అందుకే అలా చేరినవారిలో చాలామంది రాత్రిళ్లు ‘జాబ్ సపోర్ట్’ పేరుతో మరొకరికి నెలనెలా డబ్బు కట్టి, తమ పని వారిచేత చేయించుకుంటూ బతుకుతుంటారు. తాకట్టు మీద వడ్డీ, సపోర్టుకు ఫీజు, హాస్టల్ అద్దె పోగా మీ నాన్నగారికి పంపడానికి ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో వంటి సంస్థలు ఉద్యోగం కోసం ఎవరికీ డబ్బు కట్టవద్దని బహిరంగంగానే చెబుతుంటాయి. అసలైన కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది మనిషి కావలసిన కంపెనీ, ఉద్యోగం కావలసిన మనిషి కాదు.

ఇప్పుడు ఆ జవాబు రాని దరఖాస్తుల సంగతి. మీలో లోపం ఉండబట్టే జవాబు రాలేదని మీరు నమ్ముతున్నట్లు ఉత్తరంలో ప్రతి పంక్తీ చెబుతోంది. మీ కంటే రెండేళ్లు ముందు చదువు ముగించినవారి కాలాన్ని చూడండి. 2021-22లో టీసీఎస్ ఒక్కటే సుమారు లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకుంది. మీరు చివరి సంవత్సరంలో ఉన్న 2023-24లో పరిస్థితి తలకిందులైంది. ఆ ఒక్క ఏడాదిలో టీసీఎస్‌లో 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో సుమారు 26 వేలు, విప్రోలో 24 వేలకు పైగా ఉద్యోగుల సంఖ్య తగ్గింది. మీ కాలేజీకి కంపెనీలు రాకపోవడానికి కారణం ఇదే. మీ సీనియర్‌కు ఉద్యోగం వచ్చింది మీకంటే తెలివైనవాడు కావడం వల్ల కాదు, అతను మంచి ఏడాదిలో పట్టా పుచ్చుకున్నాడు. పెళ్లిలో ఎవరైనా అతనితో పోల్చి మాట్లాడితే ఈ లెక్క చెప్పండి, తలవంచుకోవలసిన పని లేదు.

కానీ దీని అర్థం ఇలాగే దరఖాస్తులు పెడుతూ కూర్చోమని కాదు. ఒక్కో ప్రకటనకు వేలమంది ఒకే బటన్ నొక్కే చోట, మీవంటి వివరాలే ఉన్న రెజ్యూమేను మనిషి కళ్లతో చూసే అవకాశం చాలా తక్కువ. మీరు జత చేసిన రెజ్యూమే చదివాను. మొదటి పంక్తిలో ‘సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను మెరుగుపరచుకోవాలన్నది నా ఆశయం’ అని ఉంది. ఇది ఇరవై ఏళ్లుగా అందరి రెజ్యూమేలలోనూ ఉంటున్న వాక్యం, దీన్ని కొట్టేయండి. కింద జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, ఏడబ్ల్యూఎస్ అని వరుసగా ఉన్నాయి. వీటిలో దేని గురించి ఎవరు పది నిమిషాలు అడిగినా తడుముకోకుండా చెప్పగలరో ఆ ఒకటి రెండే ఉంచండి. ప్రాజెక్టుగా ‘ఎంప్లాయీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ రాశారు. మీ ఇన్‌స్టిట్యూట్‌లో మీతోపాటు కూర్చున్న ప్రతివారి రెజ్యూమేలోనూ అదే ఉంటుంది. మోటారు పెట్టె మాత్రం ఆఖరి పంక్తిలో, ‘మినీ ప్రాజెక్ట్’ అనే రెండు మాటల కింద నలిగిపోయి ఉంది.

ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో ఇంటర్వ్యూ బల్లకు అవతలివైపు చాలాకాలం కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ పెట్టె దగ్గర కాసేపు ఆగుతాను. దాని గురించి ఉత్తరం వెనక మీరు యథాలాపంగా రాసిన నాలుగు పంక్తులను రెండుసార్లు చదివాను. సిమ్ వేసి మెసేజ్‌లు పంపే ఎస్ఐఎమ్800ఎల్ మాడ్యూల్ వాడానని, బల్ల మీద బాగానే పనిచేసిన పెట్టె పొలంలో పెట్టాక మెసేజ్ పంపబోయే క్షణంలోనే ఆగి మళ్లీ మొదలయ్యేదని, వారం రోజులు కారణం తెలియలేదని, చివరకు సరఫరా తీగల మధ్య పెద్ద కెపాసిటర్ ఒకటి పెడితే నిలబడిందని రాశారు. ఆ మాడ్యూల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే క్షణంలో దాదాపు రెండు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంత ఇవ్వలేని సరఫరా ఒక్కసారిగా కుంగిపోతుంది, మాడ్యూల్ రీసెట్ అవుతుంది. కెపాసిటర్ తనలో నిలవ ఉన్న కరెంటుతో ఆ కుంగుదలను భర్తీ చేసింది. ఇది మీకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. చేలో నిలబడి మీ అంతట మీరు కనిపెట్టారు. ఇలాంటి లోపాన్ని వెతికి పట్టుకోగల ఫ్రెషర్ కోసమే టెస్టింగ్ విభాగాల వాళ్లు వెతుకుతుంటారు. రెజ్యూమేలో మొదట ఉండవలసింది ఇదే: ఏం తయారుచేశారు, ఏది చెడింది, ఎలా కనిపెట్టారు, ఎలా సరిచేశారు. నాలుగు వాక్యాలు చాలు. పెట్టె ఫొటో, సర్క్యూట్ బొమ్మ, ప్రోగ్రాము ఒకచోట పెట్టి దాని లింకు ఇవ్వండి. ‘జియో సిమ్ ఇందులో ఎందుకు పనిచేయదు?’ అని ఎవరైనా అడిగితే, ఆ మాడ్యూల్ 2జీది, జియోకు 2జీ లేదు అని మీరు చెప్పగలగాలి. తెలిసే ఉంటుంది, కానీ ఇలాంటి ప్రశ్నలు పది ఊహించి జవాబులు రాసుకోండి.

అప్పుడు ఆ రెజ్యూమే పంపవలసిన చోటు కూడా మారుతుంది. ఈసీఈ చదివి జావా వరుసలో వెనక నిలబడటానికి కారణం, అందరూ అటే వెళ్లడం తప్ప మరొకటి కనబడటం లేదు. జావా అంటే నిజంగా ఇష్టం ఉంటే వద్దనను. కానీ ఉత్తరంలో మీ మాటకు ప్రాణం వచ్చింది ఒక్క పెట్టె దగ్గరే. హైదరాబాద్‌లో చర్లపల్లి, కుషాయిగూడ, బాలానగర్, నాచారం వైపు రక్షణ రంగానికీ, విద్యుత్ పరికరాలకూ బోర్డులు తయారుచేసే చిన్న, మధ్య తరహా సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఆదిభట్లలో విమాన విడిభాగాల పరిశ్రమ ఉంది, కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఉంది. మన రాష్ట్రంలో తిరుపతి, శ్రీసిటీ ప్రాంతాల్లో ఫోన్లు, టీవీల తయారీ సాగుతోంది. ఈ చిన్న సంస్థల్లో చాలావాటికి పెద్ద హెచ్ఆర్ విభాగాలు ఉండవు, నౌకరీలో ప్రకటనలూ కనబడవు. ఫ్యాక్టరీ మేనేజరుకో, టెస్టింగ్ ఇన్‌ఛార్జికో మెయిల్ పెడితే చదివేది ఆయనే. ఉదయం పది గంటలకు గేటు దగ్గర రెజ్యూమే ఇచ్చి ‘టెస్టింగ్‌లోగానీ క్వాలిటీలోగానీ ఖాళీ ఉంటే పిలవండి’ అని చెప్పి రావడం పాత పద్ధతే కావచ్చు, అక్కడ ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి జీతం మాదాపూర్ ఆఫీసుల కంటే తక్కువ ఉంటుంది, ఆ సంగతి దాచను.

దీనితోపాటే అప్రెంటిస్‌షిప్‌కు నమోదు చేసుకోండి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఇది మీ కోసమే ఉన్న దారి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 1973లో సవరించి ఇంజినీరింగ్ పట్టభద్రులను కూడా అందులో చేర్చారు. నమోదు నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల వ్యవహారం చూసే ప్రాంతీయ బోర్డు చెన్నైలో ఉంది. ఈసీఐఎల్, బీడీఎల్, హెచ్ఏఎల్, మచిలీపట్నంలోని బీఈఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు ఏడాదిపాటు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఈసీఈ వారికి ఈసీఐఎల్‌లో చోటు ఎక్కువ. చాలాచోట్ల రాత పరీక్ష ఉండదు, బీటెక్ మార్కులను బట్టే ఎంపిక చేస్తారు. 66 శాతానికి అన్నిచోట్లా రాకపోవచ్చు, అందుకే ఒక్కదానికి కాక ప్రకటన వచ్చిన ప్రతిదానికీ పెట్టాలి. 2019 నిబంధనల ప్రకారం పట్టభద్రులకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. హాస్టలుకూ భోజనానికీ సరిపోయినా నయమే. ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు. కానీ చేతిలో అసలైన అనుభవ పత్రం ఉంటుంది, పరికరాల మీద పనిచేసిన చేయి ఉంటుంది, ‘ఈ ఖాళీ కాలంలో ఏం చేశావు’ అనే ప్రశ్నకు నిజమైన జవాబు ఉంటుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏడాది లేదా అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారు సాధారణంగా దీనికి అనర్హులు. అంటే రెండున్నర లక్షలు పెట్టి కొనే మూడేళ్ల దొంగ అనుభవం, ఉచితంగా దొరకగల ఏడాది అసలు అనుభవానికి అడ్డుపడుతుంది. పట్టా పొంది ఎక్కువ ఏళ్లు గడిచినవారికి కూడా అర్హత పోతుంది కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

సీనియర్లను అడగడానికి సిగ్గుపడుతున్నానని రాశారు. వారిని ఉద్యోగం అడగకండి, అలా అడిగితే ఇద్దరికీ ఇబ్బందే. మీ కాలేజీలో చదివి ఎంబెడెడ్‌లోనో (పరికరాల లోపల నడిచే ప్రోగ్రాముల పని), టెస్టింగ్‌లోనో పనిచేస్తున్నవారిని లింక్డ్‌ఇన్‌లో వెతకండి. ‘అన్నా, నేను ఫలానా బ్యాచ్. మోటారు కంట్రోలర్ ఒకటి తయారుచేశాను, వివరాలు ఇవీ. మీ పనిలోకి రావాలంటే ఇందులో ఇంకా ఏం నేర్చుకోవాలో పది నిమిషాలు చెప్పగలరా?’ అని రాయండి. అందరూ జవాబివ్వరు. ఇచ్చినవారు చెప్పిన పని చేసి, కొన్ని వారాల తర్వాత ‘మీరు చెప్పినట్లు చేశాను, ఇదిగో’ అని చూపితే, ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు వారికే గుర్తొస్తుంది. చాలా కంపెనీలు తమ ఉద్యోగి సూచించిన మనిషి చేరితే ఆ ఉద్యోగికి కొంత బోనస్ ఇస్తాయి. కాబట్టి మీ పేరు చెప్పడం వారు మీకు పెట్టే భిక్ష అనుకోవలసిన పని లేదు.

ఇంటర్వ్యూలు టెక్నికల్ రౌండులో పోయాయన్నారు. ఏ ప్రశ్నల దగ్గర ఆగిపోయారో ఉత్తరంలో లేదు. అవి మీకు కూడా ఇప్పుడు గుర్తు లేవేమోనని నా అనుమానం. ఇకమీదట ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, అడిగిన ప్రతి ప్రశ్నా ఒక నోటుబుక్కులో రాయండి. ఆ రాత్రికి జవాబులు వెతికి పక్కనే రాయండి. నాలుగు ఇంటర్వ్యూలయ్యేసరికి అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయని మీకే కనబడుతుంది. ఈ రంగంలో అవి ఎక్కువగా సీ భాషలో పాయింటర్లు, ఇంటరప్టులు, చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులైన యూఆర్ట్, ఐ2సీ, ఎస్‌పీఐ చుట్టూ తిరుగుతుంటాయి. ఇంగ్లీషు గురించి కూడా భయపడ్డారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవారికి ఆ భయం సహజం. కానీ ఈ ఉద్యోగాల్లో పరీక్షించేది మీ ఉచ్చారణను కాదు. మోటారు పెట్టె గురించి చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో మూడు నిమిషాలు చెప్పడం, గదిలో స్నేహితుడి ఎదుట నిలబడి రోజూ సాధన చేయండి. మధ్యలో మాట దొరకకపోతే కాగితం తీసుకుని సర్క్యూట్ గీయండి. గీస్తూ చెప్పేవారి మాట ఇంటర్వ్యూ చేసేవారు మరింత శ్రద్ధగా వింటారు.

గ్రూప్-2కు చదవమని మీ మేనమామగారు అంటున్నారట. ఇష్టమైతే చదవండి గానీ కాలం లెక్క తెలుసుకుని దిగండి. ఏపీపీఎస్సీ 2023 డిసెంబరులో ఇచ్చిన గ్రూప్-2 ప్రకటనకు మెయిన్స్ పరీక్ష 2025 ఫిబ్రవరిలో జరిగింది. చేతిలో ఏదో ఒక సంపాదన ఉంచుకుని చదివేవారికి ఈ నిరీక్షణ సాధ్యం. అప్పు మీద హాస్టల్లో ఉంటూ నిరీక్షించమని నేను చెప్పలేను.

మీ నాన్నగారితో మాట్లాడటమే వీటన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. ఆయన పొలం తాకట్టు పెడతాననడంలో మీ మీద ప్రేమ ఉంది, ఏం చేయాలో తోచని ఆందోళన కూడా ఉంది. ఫోన్‌లో కాక ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆ డబ్బు ఎందుకు వద్దో, దొంగ కాగితాలు పట్టుబడితే ఏమవుతుందో దాపరికం లేకుండా చెప్పండి. ‘నాన్నా, భూమి జోలికి వెళ్లొద్దు, నాకు వచ్చే ఆరు నెలల హాస్టల్ ఖర్చు మాత్రం చూడు’ అని అడగండి. ఆ ఆరు నెలల్లో ఏయే పనులు చేస్తారో కాగితం మీద రాసి ఆయనకు చూపండి. అది కూడా ఆయనకు భారమైతే, హాస్టల్ ఖాళీ చేసి ఇంటి నుంచే దరఖాస్తులు పెట్టుకోండి. ఇంటర్వ్యూ ఉన్న రోజున నగరానికి రావచ్చు. ఇంటికి వెళ్లడం ఓడిపోవడం కాదు. అక్కడ మోటారు ఉంది, పెట్టె ఉంది, దాన్ని ఇంకా బాగు చేయడానికి చేను ఉంది. ఊళ్లో మరో ఇద్దరు రైతుల మోటార్లకు బిగించి చూడండి. ఏ వోల్టేజి దగ్గర ఆగిపోతోందో నెల రోజులు రాసిపెడితే, రెజ్యూమేలో ఇప్పుడున్న దానికంటే మంచి పేజీ తయారవుతుంది.

నాట్స్‌లో నమోదు చేసుకునే ముందు ఒక పని ముగించండి. పదో తరగతి మెమో, బీటెక్ ప్రొవిజనల్, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం ఐదూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదానిలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరొకదానిలో పూర్తిగా ఉండటం మనవాళ్లలో మామూలు. స్టైపెండ్ ఖాతాలో పడేటప్పుడూ, ఉద్యోగం వచ్చి వివరాలు సరిచూసేటప్పుడూ అక్కడే చిక్కు వస్తుంది. తేడా ఉంటే పదో తరగతి మెమో ప్రకారం ఆధార్‌నూ, ఆ తర్వాత పాన్‌నూ, బ్యాంకు ఖాతానూ సరిచేయించుకోండి. ఆధార్ పని ఆధార్ కేంద్రంలో, ఖాతా పని బ్యాంకులో అవుతుంది, కాకపోతే కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి ఈ వారమే వెళ్లండి. రెజ్యూమే తిరగరాశాక మళ్లీ పంపండి, చూసి జవాబిస్తాను.